గడికి ఎనిమిది పోగులు

జనవరి 4, ఆదివారం

పగలంతా నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్ చేస్తాను. పుట్టినరోజులు, సంవత్సరీకాలు, షాపు ఓపెనింగులు. ఫొటోలు మారతాయి, వెనకాల పసుపు కిరణాలు మాత్రం మారవు. రాత్రి ఇంటికొచ్చి నా లాప్‌టాప్ తెరిస్తే షాపులో వాడే సాఫ్ట్‌వేర్ ఒక్కటీ అందులో ఉండదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్. లినక్స్ మింట్ ఎక్కించాక మళ్లీ నడుస్తోంది. బొమ్మలకు క్రిటా, పిక్సెల్ లెక్కలకు గింప్, గీతలకూ గ్రాఫులకూ ఇంక్‌స్కేప్. మూడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. డబ్బు కట్టనక్కర్లేదన్నది ఒక సంగతి. రేపు షాపు మానేసినా నా ఫైళ్లు నా దగ్గర తెరుచుకుంటాయి, నాకు అదే పెద్ద సంగతి.

ఈ ఏడాది ఒక్క పనైనా చివరిదాకా తీసుకెళ్లాలని ఈ డైరీ మొదలుపెట్టాను. పోయినేడు మొదలుపెట్టి వదిలేసినవి పదకొండు ఫోల్డర్లు ఉన్నాయి. వాటి పేర్లు ఇక్కడ రాయను, సిగ్గు.

పని ఏమిటంటే, కంప్యూటర్‌లో ఒక తేలియా రుమాలు, అంటే మగ్గం మీద నేసే చదరపు గుడ్డ, గీయడం. పుట్టపాకలో మా మేనమామ ఇంట్లో పెట్టెలో ఒక పాత రుమాలు ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి అద్దకానికి సిద్ధం చేసేవాళ్లు. తేలియా అన్న పేరు ఆ నూనె వల్లనే వచ్చింది. చీరాలలో పుట్టిన పనితనం ఇది. అక్కడ నేసిన రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేవి. ఇప్పుడు ఆ పేరు చెబితే పుట్టపాక గుర్తొస్తుంది, 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది.

పాత రుమాళ్లలో నాకు నచ్చేది ఒకటుంది. పూలు, చుక్కలతో పాటు విమానాలు, గడియారాలు కూడా నేశారు. ఆకాశంలో కొత్తగా ఏం ఎగిరితే అది మగ్గం మీదికి దిగిందన్నమాట. మరి రోజూ నేను చూసే గడియారం ఎందుకు దిగకూడదు? ఆలోచన అక్కడ పుట్టింది. నడుమ నల్లగొండ గడియారం, అటూ ఇటూ రెండు గుట్టలు, నాలుగు మూలల బత్తాయి, చుట్టూ అంచుకు సాగర్ గేట్లు.

ఈ రాత్రికి పెన్సిల్‌తో చిత్తు గీసి పడుకుంటున్నా.

జనవరి 7

రంగులతో మొదలుపెట్టాను. మామ రుమాలును పోయినసారి ఫోన్‌తో తీసిన ఫొటోలు రెండున్నాయి. ట్యూబ్‌లైటు కింద తీసిన దాంట్లో ఎరుపు వంకాయ రంగుకు తిరిగింది, అరుగు మీద ఎండలో తీసిన దాంట్లో ఇటుక రంగులో ఉంది. రెండూ అబద్ధమే. నీడలో మళ్లీ తీయాలి. అప్పటిదాకా మధ్యస్తంగా మూడు రంగులు పెట్టుకున్నా.

రంగుల జాబితాను గింప్ ప్యాలెట్‌గా దాచుకున్నాను. పేరు చివర జీపీఎల్ అని ఉండే ఆ ఫైల్ లోపల మామూలు అక్షరాలే. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి నేరుగా రాసుకోవచ్చు, మూడంకెలు వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు:

138 32 38 ఎరుపు
38 28 30 నలుపు
232 220 196 తెలుపు

పేర్లు తెలుగులో పెట్టినా తప్పు పట్టలేదు. ఇదే ఫైల్‌ను క్రిటా, ఇంక్‌స్కేప్ కూడా తీసుకుంటాయి. మూడు చోట్లా ఒకే ఎరుపు. షాపులో ఒక పార్టీ జెండా రంగు మూడు మిషన్లలో మూడు రకాలుగా వచ్చి తిట్లు తిన్నదాన్ని, ఈ సుఖం నాకు తెలుసు.

తెలుపు అసలు తెలుపు కాదు, చూశారా? 232, 220, 196. పక్కన తెల్ల కాగితం పెడితే మీగడలా కనిపిస్తుంది. స్క్రీన్ మీద పూర్తి తెలుపు పెడితే రుమాలు కాస్తా రబ్బరు స్టాంపులా తయారైంది.

జనవరి 11, ఆదివారం

ఈ రోజంతా గళ్ల మీదే గడిచింది.

చిటికి నేతకు బొమ్మను ముందు గ్రాఫు కాగితం మీద వేస్తారు. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దే ఇక్కత్‌ను మా దగ్గర చిటికి అనే అంటారు. ఒక గడి అంటే నూలు కట్ట మీద ఒక ముడి పడే చోటు. ముడి వేసిన చోట రంగు ఎక్కదు. కాబట్టి నాకు కావలసింది పెద్ద కాన్వాస్ కాదు. క్రిటాలో 121 బై 121 పిక్సెళ్ల ఫైల్ తెరిచాను. ఫోన్ ఐకాన్ కంటే చిన్నది! ఒక పిక్సెల్ ఒక ముడి. బ్రష్ అంచు మెత్తబడకుండా పిక్సెల్ బ్రష్ తీసుకుని, గ్రిడ్ పెట్టుకున్నా. నెలసరి వాయిదాల మీద కొన్న పెన్ ట్యాబ్లెట్ పక్కన కూర్చుని చూస్తోంది. గళ్లకు మౌసే నయం.

మొదట అంచు. సాగర్ డ్యామ్‌కు 26 గేట్లు. గేట్లు ఎత్తారని తెలిస్తే మా వీధి సగం బండ్లు తీసుకుని బయల్దేరుతుంది. ఆ 26 కచ్చితంగా ఉండాలని నా పట్టుదల. గేటుకు 3 గళ్లు తెలుపు, మధ్యన స్తంభానికి 1 గడి ఎరుపు. ఇరవై ఆరు నాళ్లు నూట నాలుగు, చివరి స్తంభం కలిపి 105. బాగుంది.

తర్వాత నడుమ గడియారం. 24 గళ్ల వెడల్పు. క్రిటాలో గుండ్రం గీసే పనిముట్టుతో వేస్తే అంచు పళ్లు పళ్లుగా వచ్చింది, అందుకని వరస వరసా లెక్క కట్టి చేత్తో నింపాను. పై వరస 6, ఆ కింద 12, 14, 16, 18, 20, ఆ తర్వాత మూడు వరసలు 22, మధ్యలో ఆరు వరసలు 24. మళ్లీ అదే తిరగేసి. పైన 6 నుంచి ఒక్కసారి 12కు దూకడంతో గుండ్రానికి ముక్కు మొలిచినట్టుంది. 8 చేశాక ముక్కు పోయింది.

అప్పుడు తగులుకుంది. పడుగును, అంటే మగ్గం మీద నిలువు పోగులను, మడిచి కడతారు కాబట్టి బొమ్మ ఎడమ ఎలాగో కుడి అలాగే ఉండాలి. క్రిటాలో మిర్రర్ టూల్ ఆన్ చేస్తే ఒక పక్క గీసింది రెండో పక్క దానంతటదే పడుతుంది. కానీ నా గేట్ల వరుస 105, బేసి. నడిమి గీత ఒక గడి మధ్యలోంచి పోతుంది. గడియారం 24, సరి. దానికి నడిమి గీత రెండు గళ్ల సందులోంచి పోవాలి. రెంటికీ ఒకే నడుము కుదరదు. గడియారం ఒక గడి పక్కకు జరిగి తాగినట్టు నిలబడింది.

గంటసేపు గడియారాన్ని 25 చేయాలా అని తంటాలు పడ్డాను. చివరికి మార్చాల్సింది గేట్లనే అని తోచింది. గేటుకు 2, స్తంభానికి 2. ఇరవై ఆరు నాళ్లు నూట నాలుగు, చివరి స్తంభం 2, మొత్తం 106. సరి! అటూ ఇటూ అంచు వెడల్పు 7 చొప్పున పోతే రుమాలు కచ్చితంగా 120 గళ్లు. నాలుగు మూలల 7 బై 7 చదరాలు మిగిలాయి, వాటిలో అడ్డంగా కోసిన బత్తాయి సరిగ్గా పట్టింది. ఒక్క మార్పుతో అన్నీ కూర్చున్నాయి. రాత్రి పదకొండింటికి లేచి టీ పెట్టుకున్నా.

నాలుగు అంచులకూ కలిపి నా సాగర్‌కు 104 గేట్లయ్యాయి. ఇంజినీర్లు క్షమించాలి.

జనవరి 12

గడియారం ముళ్లు ఎంత చూపించాలి? కుడి ఎడమలు ఒకటిగా ఉండాలంటే ఆరు గంటలే కుదురుతుంది. పెద్ద ముల్లు నిట్టనిలువుగా పైకి, చిన్న ముల్లు కిందికి. రెండు గళ్ల వెడల్పు గీత చాలు. అంకెలు పెడితే 3 ఉండాల్సిన చోట తిరగబడిన 9 వస్తుంది, అందుకని పన్నెండు చోట్లా నల్ల చుక్కలు పెట్టేశా.

అంచులో ‘నల్లగొండ’ అని రాయాలన్న ఆశ కూడా తీరలేదు. ‘ల్ల’ కింద వత్తుకే కనీసం నాలుగు వరసలు కావాలి, నాకున్నవి ఏడు. పైగా అద్దంలో తిరగబడుతుంది. వదిలేశా.

అమ్మ వచ్చి చూసింది. “రెండు గుట్టలు ఒకతీరుగ పెట్టినవేంది? లతీఫ్ సాబ్ గుట్ట ఏది, కాపురాల గుట్ట ఏది?” అంది. మడత పెట్టిన నూలులో రెండూ ఒకటే అవుతాయమ్మా అన్నాను. “ఉర్సుకు ఏ గుట్ట ఎక్కాలె మరి?” అని నవ్వి పోయింది. నా దగ్గర జవాబు లేదు. గుట్టలు అలాగే ఉన్నాయి.

ఈ మధ్యలో ఒక అరగంట వృథా. కీబోర్డు మీద పొరపాటున ఎం నొక్కాను, బొమ్మ మొత్తం కుడి ఎడమలు తారుమారైంది. మిర్రర్ టూల్ ఫైల్‌ను పాడుచేసిందనుకుని అన్‌డూ మీద అన్‌డూ కొట్టి మంచి పని కొంత పోగొట్టుకున్నా. తీరా అది చూపును మాత్రమే తిప్పే షార్ట్‌కట్. మళ్లీ ఎం నొక్కితే సరిపోయేది. కొత్తగా క్రిటా వాడేవాళ్లకు చెబుతున్నా, ముందు ఎం నొక్కి చూడండి, తర్వాత ఏడవండి.

జనవరి 14

గళ్ల బొమ్మ పూర్తయింది. ఇప్పుడు అసలు పని: దానికి చిటికి అంచు రావాలి. ఇక్కత్ బట్టలో ఎక్కడా గీత కోసినట్టు ఉండదు. రంగు కొసన ఈకల్లా చీలి ఉంటుంది. గింప్‌లో ఫైల్‌ను 960 పిక్సెళ్లకు పెంచాను, అంటే గడికి 8 పోగులు. అసలు బట్టలో పోగులు ఇంతకంటే ఎక్కువే, నా లెక్క సులువుగా ఉండాలని 8 పెట్టుకున్నా. పెంచేటప్పుడు ఇంటర్‌పొలేషన్ ‘నన్’ అని ఎంచుకోవాలి. మరిచిపోతే గింప్ పాపం సాయం చేద్దామని గడికీ గడికీ మధ్య కొత్త రంగులు కలుపుతుంది. మొదటిసారి మరిచాను. మూడు రంగులు కాస్తా వేలల్లోకి పోయాయి.

దాని మీద కొద్దిగా, అంచులను మసక చేసే గాసియన్ బ్లర్ వేశాను. నా కళ్లకు బాగానే ఉంది. పండక్కి పుట్టపాక పోతున్నాం కదా, మామకు చూపిస్తా.

జనవరి 16, పుట్టపాక

చౌటుప్పల్‌లో బస్సు దిగి నారాయణపూర్ రోడ్డు పట్టుకుని వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. భోజనాలయ్యాక మామకు లాప్‌టాప్ చూపించాను. మామ కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగి చూశాడు. గేట్లు లెక్కపెట్టాడు. ఇరవై ఆరు అని తేలాక ఒకసారి నా వైపు చూశాడు, అదే మెచ్చుకోలు. తర్వాత అంచు మీద వేలు పెట్టాడు.

“ఇది ఏంది బిడ్డా, ఇట్ల పొగ లెక్కున్నది?”

చిటికి అంచు మామా అన్నాను.

“చిటికి గిట్ల ఉండది.”

లేచిపోయి పెట్టెలోంచి రుమాలు తెచ్చాడు. గుమ్మం వెలుతురులో పరిచి, నా ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూడమన్నాడు. నేను దాన్ని ఇరవైసార్లైనా చూసి ఉంటాను. కానీ ఒక్కో పోగునూ వేరుగా చూడడం అదే మొదలు.

ఎరుపు ఎక్కడా తెలుపులోకి కరగలేదు. ప్రతి పోగు మీదా ఎరుపు ఉన్నంతసేపు ఎరుపే, ఆగిన చోటి నుంచి తెలుపే. కాకపోతే ఒక పోగు కొంచెం ముందు ఆగింది, పక్కది కొంచెం వెనక. దూరం నుంచి మన కంటికి అదే ఈకలా కనిపిస్తోంది. పైగా అది ఒక దిక్కుకే ఉంది. పేకలో పడిన రంగు అడ్డంగా జరిగింది, పడుగులోది నిలువుగా. బ్లర్ అయితే అన్ని వైపులకూ ఒకేలా పాకుతుంది, అందుకే మామకు పొగలా కనిపించింది.

“పోగు జరుగుతది బిడ్డా, కరగదు,” అన్నాడు మామ. “ముడి కట్టేటప్పుడు కొంత, మగ్గం మీద లాగేటప్పుడు కొంత. జరగకుండ పట్టుకునేదే మా పని.”

అంటే నేను కష్టపడి తెప్పిద్దామనుకున్నది ఆయన కష్టపడి తప్పిద్దామనుకునేది! అత్త సకినాలు తెచ్చి పెట్టింది. సాయంత్రం దాకా మామ పక్కన కూర్చున్నా. ఇప్పుడాయన నేసేది ఎక్కువగా చీరలు. పేకను ఆసు అనే చట్రం మీద పోసి, సైకిల్ ట్యూబును సన్నగా చీల్చిన రబ్బరుతో కడతాడు. చీర పేక ఒక్కటి ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గరి శారాజీపేట నుంచి చింతకింది మల్లేశం ఆ పనికి మిషన్ తయారుచేసింది వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మామ ఇంట్లో ఆ మిషన్ ఉంది, అత్త భుజం బాగుంది.

ముడి కట్టడం దగ్గరగా చూశాను. మామ ఎడమ చేతి బొటనవేలు కట్టను అదిమి పెట్టి ఉంటుంది. కుడి చెయ్యి రబ్బరును సాగదీసి నాలుగు చుట్లు తిప్పి, చివరి చుట్టు కిందికి కొస దోపేస్తుంది. కత్తెర లేదు, దారం లేదు. ఒక ముడికి నాకు నిమిషం పట్టింది. ఆ నిమిషంలో మామ ఎన్ని కట్టాడో లెక్కపెట్టే ధైర్యం చేయలేదు. నేను కట్టింది విప్పి మళ్లీ కట్టాడు.

జనవరి 18, ఆదివారం

బ్లర్ తీసేశా. పోగులను జరిపేది కావాలి. చేత్తో 960 వరసలు జరపలేను కదా. గింప్ ఫిల్టర్లు ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయాను. డిస్టార్ట్స్ కింద షిఫ్ట్ అని ఒకటుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ముట్టలేదు. ప్రతి పిక్సెల్ వరసనూ అడ్డంగానో నిలువుగానో ఇష్టమొచ్చినంత దూరం జరుపుతుంది, అంతే దాని పని. ఫొటోల మీద దేనికి పనికొస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం మగ్గం దొరికినట్టయింది.

బొమ్మను రెండు పొరలు చేశాను. ఒకటి పడుగు, దానికి షిఫ్ట్ నిలువుగా. రెండోది పేక, దానికి అడ్డంగా. విలువ 5 పెడితే గడియారం ముక్కలైంది. 2కు దించాను.

గింప్ 3.0లో ఫిల్టర్ పొర మీద విడిగా నిలబడుతుంది, కావాలంటే కన్ను గుర్తు నొక్కి తీసేయొచ్చు, తర్వాత మార్చొచ్చు. 2025 మార్చిలో అది వచ్చినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ మీద దాని ఫ్లాట్‌ప్యాక్ (లినక్స్‌లో ఎక్కించుకునే ప్యాకేజీ) దించుకోవడానికి ఆ రోజు డేటా మొత్తం పోయింది. ఇవాళ వసూలైంది.

కానీ ఇంకా ఏదో తేడా. మరీ గరగరలాడుతోంది, కేబుల్ పోయిన టీవీలా. ఫొటోతో పక్కపక్కన పెట్టి చూశాను. అసలు రుమాలులో పక్కపక్క పోగులు కొన్ని కలిసి జరిగాయి. ఎందుకు కలవవు, ఒకే కట్టలో ఒకే ముడి కింద ఉన్నవి కదా! నా ఫిల్టర్ ప్రతి పోగునూ అనాథను చేసి విడివిడిగా తోస్తోంది.

అందుకని రెండు విడతలు చేశా. 120 గళ్ల బొమ్మను ముందు 4 రెట్లు పెంచి ఒకసారి షిఫ్ట్. దాన్ని పొరలో కలిపేసి, ఇంకో 2 రెట్లు పెంచి మళ్లీ చిన్న షిఫ్ట్. మొదటి విడతలో జతలు జతలుగా జరుగుతాయి, రెండో విడతలో ఒక్కోటీ కొంచెం. టీవీ గరగర పోయింది.

షిఫ్ట్‌లో సీడ్ అని ఒక అంకె ఉంటుంది. అది మారిస్తే జరిగే తీరు మారిపోతుంది. నచ్చిన దాని అంకె ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి, లేకపోతే మళ్లీ అది రాదు. ఈ పాఠం కూడా ఒక మంచి రుమాలు పోగొట్టుకున్నాకే వచ్చింది.

జనవరి 22

ఈ పొరలు రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటే పైది ఒక్కటే కనిపిస్తుంది. అసలు బట్టలో ఒకచోట పడుగు పైన ఉంటే పక్క చోట పేక పైన ఉంటుంది, చదరంగం బల్లలా. సగం పారదర్శకత పెట్టి చూశా, రంగులు కలిసి బురదయ్యాయి.

గింప్‌లో 2 బై 2 పిక్సెళ్ల బుల్లి ఫైల్ తెరిచి, ఎదురెదురు మూలలు నలుపు, మిగతా రెండు తెలుపు పెట్టి కాపీ చేశాను. కాపీ చేసింది ప్యాటర్న్‌ల వరుసలో మొదట క్లిప్‌బోర్డ్ అని దానంతటదే కనిపిస్తుంది. పడుగు పొరకు మాస్క్ (పొర ఎక్కడ కనిపించాలో, ఎక్కడ దాగాలో చెప్పే ముసుగు) వేసి ఆ ప్యాటర్న్‌తో నింపాను. ఒక పిక్సెల్ పడుగు, ఒక పిక్సెల్ పేక.

జూమ్ 100 దగ్గర చూస్తే బట్ట! నిజంగా బట్ట. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడిన చోట నిండు ఎరుపు. గడియారం అంచున పడుగు ఎరుపు, పేక తెలుపు అయిన చోట లేత గులాబీ. ఆ గులాబీ రంగు నా ప్యాలెట్‌లో లేదు, నేను పెట్టలేదు. కంటిలో పుట్టింది. మామ రుమాలులో ఆ మధ్య రంగు ఎక్కడి నుంచి వస్తోందా అని అనుకునేదాన్ని.

జూమ్ 66కు దించగానే బొమ్మంతా నీళ్ల మీద నూనెలా అలలు అలలుగా కనిపించింది. గుండె జారింది. ఫైల్ పాడు కాలేదు, సన్నటి చదరంగం గళ్లు సరిగా భాగం కాని జూమ్‌లో చూస్తే స్క్రీన్ చేసే మాయ అది. 100, 200, 400 దగ్గర ఏ గొడవా లేదు. మామకు ఫోన్‌లో ఫొటోగా పంపితే ఇంకా ఘోరం, ఫోటో కుదించుకుపోయి ఒక్కో పిక్సెల్ పోగులన్నీ కలిసి మరకైపోయాయి. ఇంటర్‌పొలేషన్ లేకుండా 4 రెట్లు పెంచి, 3840 పిక్సెళ్ల పీఎన్‌జీని డాక్యుమెంట్‌గా పంపాను.

మామ గంట తర్వాత ఫోన్ చేశాడు. “ఇప్పుడు బట్ట లెక్కున్నది. ఎడమ దిక్కు గుట్ట కొస మంచిగ రాలే. చేత కానోడు కట్టినట్టున్నది.” ఆ సీడ్‌లో అక్కడ పోగులు ఎక్కువ జరిగాయి. నిజమే. నాకు మాత్రం ఆ చేతకానితనమే నచ్చింది. అలాగే ఉంచా.

జనవరి 25, ఆదివారం

షాపు యజమాని ఒప్పుకున్నాడు కాబట్టి మిగిలిన వినైల్ ముక్క మీద ఒక ప్రింటు తీశాను. ఎరుపు నారింజకు తిరిగింది, ఊహించిందే. పోగులు మాత్రం నిలిచాయి. దూరం నుంచి చూసిన ఒక కస్టమర్ దగ్గరికొచ్చి చేత్తో తడిమాడు. వినైల్ తగిలి చెయ్యి తీసేశాడు. ఈ పని మొత్తానికి నాకు దక్కిన పెద్ద ప్రశంస ఇదేననిపిస్తోంది.

ఫిబ్రవరి 1, ఆదివారం, పుట్టపాక

మామ నిన్న రాత్రి ఫోన్ చేసి, ఆ గ్రాఫు కాగితం మీద తెమ్మన్నాడు. ఎందుకని అడగలేదు, అడిగితే వద్దంటాడేమోనని.

ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌టెన్షన్ల కింద కార్టీసియన్ గ్రిడ్ ఉంది. చిన్న గళ్లకు సన్న గీత, ప్రతి పదో గడికి లావు గీత. దాని వెనక నా 120 పిక్సెళ్ల బొమ్మ పెట్టా. కుడి ఎడమ ఒకటే కాబట్టి సగం చాలు, 60 అడ్డం, 120 నిలువు. గడి 5 మిల్లీమీటర్లు పెడితే 60 గళ్లు 30 సెంటీమీటర్లు. ఏ3 కాగితం వెడల్పు 29.7! మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. 4.5కు తగ్గించి, రెండు ఏ3 కాగితాల మీద పైసగం కిందిసగం తీశా.

మామ కాగితాలు మంచం మీద పరిచాడు. రెండువైపులా చిటికి ఇప్పుడు తన వల్ల కాదన్నాడు. చీరల ఆర్డరు ఉంది, ఓపిక కూడా లేదు. పేకలో ఒక్క గడియారం కడతా, పడుగు ఒకే రంగు వేస్తా అన్నాడు.

“ఏ రంగు పడుగు మామా?”

“వేస్తే గానీ తెల్వదు. ఎరుపైతే తెలుపు గులాబీ కొడతది. తెలుపైతే ఎరుపు పాలిపోతది.”

నేను లాప్‌టాప్ తెరిచాను. పడుగు పొరలో బొమ్మ తీసేసి మొత్తం ఎరుపు నింపి చూపించా. తర్వాత తెలుపు. తర్వాత నలుపు. ఒక్కోదానికి పది సెకన్లు. మామ ఏమీ అనలేదు. మళ్లీ ఎరుపు చూపించమన్నాడు. మళ్లీ నలుపు. అత్తను పిలిచాడు. ఇద్దరూ కలిసి ఎరుపు ఖాయం చేశారు. గడియారం తెల్లగా ఉండదు, లేత గులాబీగా ఉంటుంది, చుక్కలు నల్లగా కాక ముదురు మెరూన్‌లో ఉంటాయి. ఫర్వాలేదట.

తర్వాత మామ ఎర్ర పెన్ను తీసి గడియారంలో కింది ముల్లు కొట్టేశాడు. రెండు గళ్ల వెడల్పు, ఆరు గళ్ల పొడుగు, మొత్తం పన్నెండు గళ్లు.

“ఆరు గంటలు మామా అది. నడుమ సరిగ్గా వస్తదని పెట్టిన.”

“పన్నెండు పెట్టు. ముల్లు మీద ముల్లు ఎక్కుతది. నాకు పన్నెండు ముళ్లు తక్కువ.”

ముళ్లు అన్నాడో ముడులు అన్నాడో నాకు సరిగా వినపడలేదు. అక్కడే క్రిటాలో ఆ పన్నెండు గళ్లు తెలుపుతో నింపి, ఫైల్‌ను కొత్త పేరుతో దాచాను: రుమాలు 14.

కట్టడానికి పాత సైకిల్ ట్యూబులు నాలుగు కావాలన్నాడు, గట్టిపడనివి. రేపు షాపుకు పోయేటప్పుడు గడియారం సెంటర్ దగ్గర పంక్చర్ షాపులో అడగాలి.